తన కళాయి తానే వేసుకునే లోహం

పంటి ఇంప్లాంట్ల మీద, అంటే ఊడిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూల మీద, జరిగిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. మాస్టారూ, మీరు ఇటు కూర్చోండి, ఫ్యాను గాలి తగులుతుంది.

ముందే చెప్పేస్తాను, నేను పళ్ల డాక్టర్ని కాదు. లోహాలు చదువుకున్నదాన్ని. ఇరవై రెండేళ్లు తుప్పు పరీక్షల ల్యాబులో పని చేశాను. ఏ లోహం ఎంతకాలం నిలబడుతుంది, చెడితే ముందు ఎక్కడ చెడుతుంది, ఇదే నా పని. ఇంప్లాంట్ మీకు వేయొచ్చా, ఎప్పుడు వేయాలి అని నన్ను అడగకండి, దానికి మీ డాక్టరు గారున్నారు. దవడలోకి వెళ్లిన ఆ చిన్న స్క్రూ అక్కడ ఎలా బతుకుతుందో మాత్రం నేను చెప్పగలను.

ఇక్కడ ఎంతమందికి ఇంప్లాంట్లు ఉన్నాయండీ? ఒకసారి చేతులెత్తండి. ఆరు, ఏడు... అదిగో స్తంభం పక్కన ఇంకొకరు. ఎనిమిది. సరే, మీ నోట్లో ఉన్నది ఏ కంపెనీది, ఏ రకమో తెలిసినవాళ్లు చేతులు అలాగే ఉంచండి. ఒక్కరే. దీని దగ్గరికి చివర్లో వస్తాను.

ఇప్పుడు రెండు బిళ్లలు మీ మధ్యకి పంపిస్తున్నాను. రెండూ టైటానియమే. ఒకటి మెరుస్తూ ఉంటుంది, రెండోది సిమెంటు రంగులో ఉంటుంది. చేత్తో పట్టుకోండి, గోటితో గీరండి, పక్కవాళ్లకి ఇవ్వండి. ఏమీ కాదు, ధైర్యంగా పట్టుకోండి.

టైటానియం తుప్పు పట్టదు అని అందరూ అంటారు. ఎందుకు పట్టదు? బంగారంలా అది దేనితోనూ కలవని లోహం కాబట్టా? నిజానికి టైటానియం ఆక్సిజన్ కనిపిస్తే చాలు, వెంటనే కలిసిపోతుంది. అసలు ఖనిజం నుంచి దాన్ని విడదీయడమే కష్టం. మన భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున నల్ల ఇసుక చూశారా? అందులో ఇల్మనైట్ ఉంటుంది, అంటే టైటానియం ఖనిజం. ఆ ఖనిజం గురించి విలియం గ్రెగర్ 1791లోనే చెప్పాడు. కానీ దాని నుంచి లోహాన్ని పెద్ద ఎత్తున తీసే పద్ధతి, క్రోల్ పద్ధతి, 1940 నాటికి గానీ చేతికి రాలేదు. ఆ తర్వాత చాలా దేశాలు నేర్చుకున్నాయి. మన హైదరాబాదులో కంచన్‌బాగ్‌లోని మిధానిలో టైటానియం మిశ్రమాలు తయారవుతాయి.

మరి అంత తొందరగా ఆక్సిజన్‌తో కలిసే లోహం నోట్లో ఎలా నిలుస్తోంది? ఇదే ఇవాళ నేను చెప్పాలనుకున్న అసలు విషయం. మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించేవాళ్లం, గుర్తుందా? కళాయి ఉన్నంతకాలం పులుసు కాచుకోవచ్చు. అరిగిపోతే? వీధిలోకి కళాయి అతను వచ్చేదాకా ఆ గిన్నె పక్కన పెట్టాల్సిందే. టైటానియం తన కళాయి తానే వేసుకుంటుంది. గాలి తగిలిన మరుక్షణం దాని ఒంటి మీద టైటానియం డయాక్సైడ్ పొర కట్టేస్తుంది. మీరు గోటితో గీరారు కదా, గోటికి ఆ పొర ఏమీ కాదు. కత్తితో గీరినా, గీత పడ్డ చోట మీరు కన్ను ఆర్పేలోపు కొత్త పొర వచ్చేస్తుంది.

ఆ పొర మందం ఎంత? ఐదు నానోమీటర్లు, కాస్త అటూ ఇటూ. తల వెంట్రుకని పదిహేను వేల పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొరంత. అంతే. ఇంప్లాంట్ భవిష్యత్తంతా ఆ ఐదు నానోమీటర్ల మీద ఆధారపడి ఉంది. ఎముక తాకేది టైటానియాన్ని కాదు, ఈ పొరని. లాలాజలం తాకేదీ దీన్నే.

సత్తు గిన్నెకి కూడా ఇలాంటి పొర ఉంటుందండీ. అల్యూమినియానిది. మరి అందులో చింతపండు పులుసు రాత్రంతా ఉంచొద్దని అమ్మమ్మ ఎందుకు తిట్టేది? పులుపుకి ఆ పొర కరుగుతుంది. టైటానియం పొరకి చింతపండు, నిమ్మకాయ, ఉప్పు, ఇవేవీ లెక్కలోకి రావు. స్టెయిన్‌లెస్ స్టీలుకి కూడా ఉప్పునీళ్లలో గుంటలు పడతాయి, దీనికి పడవు. దీనికి శత్రువులు తక్కువ. ఎవరో తర్వాత చెబుతాను.

అంతకంటే ముందు కుందేలు సంగతి చెప్పాలి. 1952లో స్వీడన్‌లో, లుండ్ అనే ఊళ్లో, బ్రోనెమార్క్ అనే డాక్టరు ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడాలనుకున్నారు. కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం గొట్టం లాంటిది బిగించి, దానిగుండా మైక్రోస్కోపుతో చూశారు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. వేరే ఎవరైనా అయితే విసుక్కునేవారు, ఆయన ఆగి ఆలోచించారు. 1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే ఆయనకి కింది దవడలో నాలుగు టైటానియం ఇంప్లాంట్లు వేశారు. లార్సన్ 2006లో చనిపోయేదాకా అవి ఆయన నోట్లోనే ఉన్నాయి. నలభై ఏళ్లు దాటి. నాలాంటి దానికి ఇంతకంటే గొప్ప తుప్పు పరీక్ష ఇంకొకటి లేదు. ల్యాబులో నేను ఎన్ని గంటలు కూర్చున్నా నలభై ఏళ్లు చూపించలేను కదా.

ఆ మొదటి ఇంప్లాంట్ల మీద ప్రత్యేకంగా ఏ పనీ చేయలేదు. లేత్ మీద తిప్పి, కడిగి, వేశారు. మీ చేతుల్లో ఉన్న మెరిసే బిళ్ల అలాంటిదే. పని చేసింది, కానీ ఎముక పట్టడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. ఆరు నెలలు పన్ను లేకుండా ఉండటం ఎంత ఇబ్బందో ఇక్కడ కొందరికి తెలుసు.

మరి తొందరగా పట్టాలంటే ఏం చేయాలి? మేస్త్రీని అడగండి, చెబుతాడు. నున్నటి కాంక్రీటు స్తంభానికి ప్లాస్టరింగ్ పట్టదు. ముందు గాట్లు పెడతాడు, తర్వాత సిమెంటు కొడతాడు. ఎముక కణాలకీ అంతే, గరుకు కావాలి. దీనికి ఎన్నో దారులు వెతికారు. టైటానియం పొడిని మంటలో కరిగించి చిమ్మారు. ఎముకలో ఉండే హైడ్రాక్సీఅపటైట్‌నే పూతగా వేశారు. గరుకు ఇసుక లాంటి గింజల్ని గాలితో కొట్టారు. ఆసిడ్‌లో ముంచారు.

1991లో బూసర్ అనే స్విట్జర్లాండ్ డాక్టరు, ఆయన బృందం ఒక పని చేశారు. చిన్న జాతి పందుల కాలి ఎముకల్లో ఆరు రకాల ఉపరితలాలు పెట్టి, మూడు వారాలకీ ఆరు వారాలకీ తీసి చూశారు. కాస్త నున్నగా ఉన్నవాటికి ఎముక ఇరవై నుంచి ఇరవై ఐదు శాతం మాత్రమే అంటింది. పొడి చిమ్మినదానికి ముప్పై నుంచి నలభై. పెద్ద గింజలతో కొట్టి, తర్వాత ఆసిడ్‌లో ముంచినదానికి యాభై నుంచి అరవై. హైడ్రాక్సీఅపటైట్ పూత ఉన్నది దాన్నీ దాటింది, అరవై నుంచి డెబ్భై. అయితే పూతే గెలిచినట్టు కదా? కాదండీ. ఆ పూత అక్కడక్కడ కరిగిపోతున్నట్టు అప్పుడే కనిపించింది. తర్వాత మనుషుల్లో కూడా పూత పెచ్చులుగా ఊడిన సందర్భాలు వచ్చాయి. పైనుంచి వేసిన పూత ఎప్పటికైనా పైదే. లోహం తనలోంచి కట్టుకున్న పొర వేరు. నా మట్టుకు నాకు ఈ రెండో దానిమీదే నమ్మకం.

అలా కొట్టి, ముంచే పద్ధతినే ఎస్‌ఎల్‌ఏ అంటారు. మీ చేతికి వచ్చిన సిమెంటు రంగు బిళ్ల అదే. ఒకసారి ఆ గది ఎలా ఉంటుందో చెప్పనా? ముందు బ్లాస్టింగ్ పెట్టె. అద్దం వెనక, రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి పని చేస్తారు. అర మిల్లీమీటరు, పావు మిల్లీమీటరు సైజు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గింజలు గాలితో కలిసి వచ్చి స్క్రూని కొడుతుంటే రేకు మీద వడగళ్ల వాన పడుతున్నట్టు చప్పుడు. మెరుపు పోయి మసక అవుతుంది. తర్వాత హైడ్రోక్లోరిక్ ఆసిడ్, సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపిన వేడి తొట్టి. అందులో వేయగానే మొదట ఏమీ జరగదు. కాసేపటికి స్క్రూ ఒళ్లంతా సన్నటి బుడగలు. ఆ ఆగిన కాసేపు ఏమిటో తెలుసా? ఆ ఐదు నానోమీటర్ల పొర ఆసిడ్‌ని ఆపుతున్న సమయం అది. పొర ఓడిపోయాక బుడగలు మొదలవుతాయి. నేను ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం కోసం తొట్టి మీదికి వంగి చూస్తూనే ఉండేదాన్ని.

గింజలు కొట్టిన గుంటలు ఇరవై నుంచి నలభై మైక్రాన్ల వెడల్పు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వాటి లోపల ఆసిడ్ తవ్వినవి రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. గుంటలో గుంట. ఎముక కణానికి కావలసినది ఇదే. ఆరు నెలల నిరీక్షణ, ఎముక గట్టిగా ఉన్నవాళ్లకి, ఆరు వారాలకి తగ్గింది.

ఇప్పుడు తుప్పు మనిషిగా నా ప్రశ్న ఒకటి. గరుకు చేస్తే ఉపరితలం పెరుగుతుంది. లోహం బయటికి వదిలే చోటు కూడా పెరుగుతుంది. ఆసిడ్ బుడగల్లో వచ్చే హైడ్రోజన్ కొంత లోహం పైపొరలోకి దూరుతుంది. బ్లాస్టింగ్ గింజలు కొన్ని గుచ్చుకుని ఉండిపోతాయి. అందుకే కడగడం అనే పని, ఎవరూ గొప్పగా చెప్పుకోని ఆ పని, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం. బాగా కడిగి, శుభ్రమైన కొత్త పొర కట్టనిస్తే గరుకు ఇంప్లాంట్ కూడా లాలాజలంలో హాయిగా ఉంటుంది. మరీ గరుకు అయితే? పంటి ఇగురు, అదే చిగుళ్లు, కిందికి దిగి, ఆ గరుకు బయటపడిన రోజున సూక్ష్మజీవులకి ఇల్లు కట్టిచ్చినట్టే. అందుకే ఎక్కువ గరుకు మంచిది అనే పరుగు ఆగి, ఒకటి నుంచి రెండు మైక్రాన్ల సగటు గరుకుదనం, అంటే ఎత్తుపల్లాల సగటు, దగ్గర చాలామంది స్థిరపడ్డారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

ఇంకో దారి ఉంది, ఆనోడైజింగ్. ఇదిగో ఈ పటం మీద అతికించిన బిళ్లలు చూడండి. లేత గోధుమ రంగు, ముదురు నీలం, బంగారు రంగు, గులాబీ, ఆకుపచ్చ. వీటిలో రంగు చుక్క కూడా లేదు! ద్రావణంలో ముంచి, కరెంటు ఇచ్చాం, అంతే. పది వోల్టులకి గోధుమ రంగు, ఇరవై దాటేసరికి నీలం, యాభైల్లో బంగారు రంగు, డెబ్భై దగ్గర గులాబీ, వంద దగ్గర ఆకుపచ్చ. వోల్టు పెంచే కొద్దీ పొర మందం పెరుగుతుంది, వోల్టుకి రెండు నానోమీటర్ల లెక్కన. తడిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయే, అదే ఇది. ఇగురులోంచి పన్నుకి ఆధారంగా వచ్చే ముక్కని బంగారు రంగులోనో గులాబీ రంగులోనో ఎందుకు చేస్తారనుకున్నారు? ఇగురు పల్చగా ఉన్నవాళ్లకి లోహపు బూడిద రంగు బయటికి నల్లగా కనిపిస్తుంది. ఇది కనిపించదు. పైగా పొర మందంగా ఉంటుంది కాబట్టి తుప్పుకి కూడా మేలే.

బిళ్లలు వచ్చేశాయా? ఇలా ఇవ్వండమ్మా. చూడండి, దీనిమీద ఒక నీటి చుక్క వేస్తున్నాను. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడింది. ఇంతమంది వేళ్ల జిడ్డు అంటింది కదా. ఇప్పుడు ఈ డబ్బా తెరుస్తున్నాను. ఇది కూడా అదే సిమెంటు రంగు బిళ్ల, కానీ తయారైనప్పటి నుంచి ఉప్పునీటి ద్రావణంలోనే ఉంది, గాలి తగలలేదు. బయటికి తీసి, తుడిచి, చుక్క వేస్తున్నాను. చూశారా? చుక్క ఏది? పాకిపోయింది. చేతులు తగలకపోయినా, గాలిలో ఊరికే పెట్టిన టైటానియానికి కూడా వారాలు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ పదార్థాలు అంటుకుని నీళ్లని తోసేసే గుణం వస్తుంది. రక్తం కూడా నీళ్లలాంటిదే కదా, చుక్క పాకితే రక్తం ఆ గుంటల్లోకి దిగుతుంది. అందుకే 2005 ప్రాంతం నుంచి కొన్ని ఇంప్లాంట్లు ద్రావణంలోనే ముంచి అమ్ముతున్నారు.

ఇక శత్రువుల దగ్గరికి వద్దాం. మొదటిది ఫ్లోరైడ్. ఈ మాట అనగానే అక్కడ ఒకాయన చెయ్యెత్తారు. చెప్పండి... మాది నల్గొండ, మా నీళ్లలోనే ఫ్లోరైడ్, మరి నా ఇంప్లాంట్ సంగతేంటి అంటున్నారు. చాలా న్యాయమైన ప్రశ్న. ఒక్క నిమిషం ఇక్కడ ఆగి చెబుతాను.

ఫ్లోరైడ్ ఒక్కటే టైటానియాన్ని ఏమీ చేయలేదు. దానికి ఆసిడ్ తోడు కావాలి. రెండూ కలిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ పుడుతుంది, అది ఆ పొరని కరిగిస్తుంది. అది 30 పీపీఎం, అంటే పది లక్షల్లో 30 వంతులు, దాటితే పొర నిలవదని 1999లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఇప్పుడు లెక్క వేద్దాం. మామూలు పేస్టులో వెయ్యి పీపీఎం ఫ్లోరైడ్ ఉంటుంది. కానీ అది ఆమ్లం కాదు, పీహెచ్ (ఇది ఎంత తగ్గితే అంత ఆమ్లం) ఏడు దగ్గర ఉంటే అందులో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ ఒక పీపీఎంలో ఐదో వంతు కూడా ఉండదు. తోముకోండి, భయం లేదు. మరి పళ్ల క్లినిక్కుల్లో పిల్లలకి పెట్టే ఆమ్ల ఫ్లోరైడ్ జెల్ ఉంటుంది చూశారా? ఫ్లోరైడ్ 12,300 పీపీఎం, పీహెచ్ మూడున్నర చుట్టుపక్కల. అక్కడ హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ వేల పీపీఎంలలోకి వెళ్తుంది. ఇంప్లాంట్ ఉన్న నోటికి ఆ జెల్ వద్దు.

మీ నల్గొండ నీళ్లు చూద్దాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మీ దగ్గర అంతకు ఎన్నో రెట్లు ఉన్న బావులు ఉండేవి. ఎముకలకి, పళ్లకి అది ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. వంగిపోయిన మనుషుల్ని నేనూ చూశాను. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరే పెట్టారు. కానీ ఆ నీళ్లు ఆమ్లం కావు. అందుచేత మీ స్క్రూకి ఆ నీళ్లతో తుప్పు రాదు. ఫ్లోరైడ్ వల్ల మీ ఎముక ఎలా ఉంది అన్నది వేరే ప్రశ్న, అది మాత్రం డాక్టరు గారితో తప్పకుండా మాట్లాడండి.

రెండో శత్రువు కదలిక. ఇది నాకు ఇంట్లోనే అనుభవం. మా మామగారికి కింద ఎడమవైపు దవడ పన్నుకి ఇంప్లాంట్ ఉంది. ఒకరోజు అన్నం తింటూ, అమ్మాయీ, ఇది టిక్కుమంటోందే అన్నారు. క్లినిక్‌కి తీసుకెళ్లాం. ఎక్స్‌రే తీసి, ఎముక బ్రహ్మాండంగా ఉంది, ఏం టెన్షన్ పడకండి అని పంపేశారు. నేనూ ఊరుకున్నాను. ఇరవై రెండేళ్లు ఇదే పని చేసినదాన్ని, నేనూ ఊరుకున్నాను. ఏడు నెలలు ఆయన ఆ టిక్కుతోనే తిన్నారు. చివరికి ఇగురు వాచింది. వేరే చోట కిరీటం, అంటే పైన బిగించిన పన్ను, విప్పితే లోపలి స్క్రూ వదులైపోయి ఉంది, చుట్టూ నల్లటి జిగురు. ఆ స్క్రూని అడిగి తెచ్చుకుని ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టాను. మర చుట్టలు ఒక పక్క పదునుగా ఉన్నాయి, ఇంకో పక్క అరిగి, నెలవంక ఆకారంలో అద్దంలా మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూసి నాకు కడుపులో దేవినట్టయింది.

చెప్పు కరిచిన చోట పుండు ఎందుకు మానదండీ? చర్మం కట్టేలోపే మళ్లీ రాసుకుంటుంది. అదే ఇక్కడా. పొర కట్టడం, నమిలినప్పుడు ఊడటం, మళ్లీ కట్టడం, మళ్లీ ఊడటం. ప్రతిసారీ కొంత లోహం పోతుంది. ఆ నల్లటి జిగురులో ఉన్నది ఆ పొడే. పైగా ఆ సందులోకి ఆక్సిజన్ సరిగా అందదు. పంపు బోల్టు విప్పి చూడండి, వాషరు కింద ముందు తుప్పు పడుతుంది. ఇంప్లాంటుకీ పైముక్కకీ మధ్య సందు కొన్ని మైక్రాన్లు, సూక్ష్మజీవి ఒక మైక్రాను. అవి దూరి, లోపల ఆమ్లం చేస్తాయి. టిక్కుమందా, వదులనిపించిందా, ఆ వారంలోనే వెళ్లండి. ఎముక బాగుంది అంటే సరిపోదు, స్క్రూ బిగువు చూశారా అని అడగండి.

పైన పెట్టే కిరీటం సంగతి కూడా ఒక మాట. చవకగా వస్తుందని నికెల్ క్రోమియం లోహంతో చేయిస్తుంటారు. రెండు లోహాలు ఉప్పునీళ్లలో కలిస్తే బ్యాటరీ అవుతుంది. ఇందులో చెడేది టైటానియం కాదు, ఆ నికెల్ లోహం. ఆ నికెల్ వెళ్లేది మీ ఇగుర్లోకి. ఏ లోహం పెడుతున్నారో అడగండి.

ఇక క్లీనింగ్. ఉక్కు పనిముట్టుతో గీకితే గీతలు పడతాయి, ఆ గీతల్లో ఉక్కు తునకలు ఉండిపోతాయి. ప్లాస్టిక్ కొన ఉన్నవో, కార్బన్ ఫైబరువో, టైటానియంవో వాడాలి. గ్లైసిన్ పొడిని గాలితో చిమ్మే పద్ధతి కూడా ఉంది. కుర్చీలో కూర్చోగానే, నోరు తెరవకముందే, ఫలానా చోట ఇంప్లాంట్ ఉంది అని చెప్పండి.

ఇగురు వాచి, ఎముక తగ్గిన చోట్ల కణజాలంలో టైటానియం రేణువులు దొరుకుతున్నాయి. రేణువుల వల్ల వాపు వచ్చిందా, వాపు వల్ల రేణువులు రాలాయా? నిపుణుల్లో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. వాపు ఉన్నచోట మన రక్షణ కణాలు హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతాయి, అది ఆ పొరని బలహీనపరుస్తుంది. అంటే ఏది ముందైనా ఒకదాన్ని ఇంకొకటి పెంచుతుంది. వాపుని చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలని నేను ఇంతగా చెప్పేది అందుకే.

ప్రశ్నలు? ఆ... ఎంఆర్‌ఐ తీయించుకోవచ్చా అంటున్నారు. టైటానియం అయస్కాంతానికి అంటదు, ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పి తీయించుకోండి. ఇంకా? ఆ అమ్మ అడుగుతున్నారు, ఏది మంచిది, ఫలానా కంపెనీదా అని. అమ్మా, పేరు నేను చెప్పను. టైటానియం గ్రేడ్ ఎంత, ఉపరితలం ఏ రకం, పదేళ్ల తర్వాత ఇదే స్క్రూ విడిభాగం దొరుకుతుందా, ఈ మూడూ అడగండి. మా మామగారి స్క్రూకి సరిపోయే కొత్త స్క్రూ కోసం మేం పదహారు రోజులు వెతికాం. ఏ మోడలో రాసిపెట్టుకోలేదు మరి.

ఇందాక చేతులెత్తిన ఎనిమిది మందికీ, వేయించుకోబోయేవాళ్లకీ చెబుతున్నాను. గుమ్మం దగ్గర బల్ల మీద చీటీలు పెట్టాను. కంపెనీ, మోడల్, వ్యాసం, పొడవు, లాట్ నంబరు, వేసిన తేదీ, కిరీటం లోహం. గడులు ఖాళీగా ఉన్నాయి. మీ డాక్టరు గారి దగ్గర నింపించి, పర్సులో పెట్టుకోండి. డబ్బాలో ఇంకొక బిళ్ల కూడా ఉంది, చుక్క వేసి చూడాలనుకున్న పిల్లలు ఇటు రండి, చేత్తో మాత్రం ముట్టుకోకండి.